ప్రతిరూప ధేనువు – పల్లె మంద

2023వ సంవత్సరము మార్చి నెల 16వ తేదీన హర్యానా రాష్ట్రములోని కర్నాలు పట్టణమందు, జాతీయ పాడిపరిశోధన సంస్థవారి కొట్టములో నొక గిర్ జాతి పెయ్యదూడ జన్మించినది. పుట్టిననాడు దాని తూకము 32 కిలోలు. దానికి గంగ యని పేరిడిరి. దేశములో దినమున కెన్ని పెయ్యలు పుట్టుట లేదు? కాని యీ పెయ్య పుట్టుకలో నే ఆబోతునకును పాలు లేదు. ఒక గిర్ ఆవు తోకనుండి తీసిన శరీరకణము దీనికి మూలము. ఒక సాహివాల్ ఆవు అండము దీనికి ఆశ్రయము. వేఱొక సంకరజాతి ఆవు గర్భము దీనికి నెలవు. మూడావులు కూడి యొక పెయ్యకు తల్లులైనవి. గిర్ ఆవునకు క్లోనింగు విధానమున ప్రతిరూపమైన పెయ్యను పుట్టించుట మన దేశమున నిదియే ప్రథమము.

ఈ వార్తకు సంతసింపని భారతీయు డుండడు. మన శాస్త్రజ్ఞులు మన ప్రజాధనముతో, మన ఆవులతో సాధించిన ఘనకార్య మిది. అయినను సంతోషము వేఱు, వివేకము వేఱు. కర్నాలులో నొక్క గంగ పుట్టినందువలన కాఠియావాడు పల్లెలలో గిర్ మంద పెరుగునా? ఒంగోలు సీమలో బీడు తఱిగి, ఎద్దు పని యంత్రము పాలై, తరతరముల జాతి యావు నమ్ముకొనుచున్న రైతునకు దీనివలన నేమి ఒనగూడును? ప్రతిరూపమును చేయు విద్య మనకు వచ్చినది. మూలరూపమును నిలుపుకొను బుద్ధి మనకు గలదా? ఈ ప్రశ్ననే నేడు పాఠకుల ముందుంచ దలచితిమి. దానికి ముందు ఈ విద్య యెట్టిదో, ఎట్లు వచ్చినదో తెలిసికొనుట యవసరము. ఏలన, తెలియనిదానిని పొగడుటయు తెగడుటయు రెండును వ్యర్థములే.

క్లోను అను మాటకు గ్రీకు భాషలో రెమ్మ, చిగురుకొమ్మ యని యర్థము. ఈ యర్థములో చూచినచో క్లోనింగు మన రైతునకు క్రొత్తది కాదు. అరటి పిలక నాటువాడు, చెఱకు ముచ్చెలు పాతువాడు, బంగినపల్లి మామిడి కంటు కట్టువాడు, అందఱును తల్లిచెట్టునకు ప్రతిరూపములనే పుట్టించుచున్నారు. 1903వ సంవత్సరమున హెర్బర్టు వెబ్బరు అను అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఇట్టి మొక్కలకే యీ పేరు పెట్టెను. ఆ మాటను జంతువులకును మానవునకును అన్వయించి లోకవ్యాప్త మొనర్చినవాడు జె. బి. ఎస్. హాల్డేన్ మహాశయుడు. ఆయన లండనున నిచ్చిన యొక యుపన్యాసములో నీ మాటను వాడెను. ఇంగ్లండును విడిచి 1957లో మన దేశమునకు వచ్చి, 1961లో భారత పౌరుడై, 1964 డిసెంబరులో భువనేశ్వరమున మరణించిన ఆ మహనీయుడు తన దేహమును వైద్యవిద్యార్థుల యుపయోగమునకై కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు వ్రాసియిచ్చెను. క్లోనింగు కథ ఎడిన్‌బరోలో పుట్టి ముగిసినదని తలచువారు ఈ సంగతిని గూడ గుర్తుంచుకొందురు గాక!

చెట్టునకు సులభమైనది జంతువున కేల దుర్లభమైనది? కొమ్మ త్రుంచి పాతినచో చెట్టగును. తోక త్రుంచి పాతిన ఆవు కాదు గదా! పిండము మొదట నొక్క కణము. అది రెండై, నాలుగై, అసంఖ్యాకమై, కొన్ని చర్మముగను కొన్ని ఎముకగను కొన్ని పొదుగుగను మాఱును. ఇట్లు మాఱునపుడు ఒక్కొక్క కణము తన పనికి వలసిన ఆదేశములను మాత్రమే నిలుపుకొని తక్కిన వానిని పోగొట్టుకొనునని పందొమ్మిదవ శతాబ్ది చివర జర్మనీ శాస్త్రజ్ఞుడు వైజ్‌మన్ తలచెను. ఆ తలంపు నిజమైనచో చర్మకణమునుండి సమగ్ర జంతువును పుట్టించుట కల్ల. కాని 1892లో హాన్స్ డ్రీష్ అనునాతడు ఒడలెల్ల ముండ్లుగల యొక చిన్న సముద్రజీవి పిండమును రెండు కణముల దశలో విడదీసెను. రెండు సగములును రెండు సమగ్ర జీవులై పెరిగినవి. తరువాత హాన్స్ స్పేమన్ పసిబిడ్డ తలవెండ్రుకను ఉరిగా బిగించి నీటిబల్లి పిండమును రెండుగా చేసి యట్లే ఫలితము గాంచెను. 1938లో నతడు ఎదిగిన జీవి కణముయొక్క కేంద్రకమును తీసి, కేంద్రకము తీసివేసిన అండములో పెట్టినచో నేమగునో చూడవలయునని వ్రాసెను. అప్పటి కది విచిత్రమైన ఊహయే. నేటి క్లోనింగు ఆ ఊహకు రూపము.

ఆ ఊహను చేతలోనికి దెచ్చుటకు పదునాలుగేండ్లు పట్టినవి. 1952లో ఫిలడెల్ఫియా నగరమున రాబర్టు బ్రిగ్స్, థామస్ కింగ్ అను నిరువురు కప్పపిండముల కేంద్రకములను కప్ప అండములలోనికి మార్చి తోకకప్పలను పుట్టించిరి. లేత పిండముల కణములతో పని జరిగినది. పిండము ముదిరినకొలది జరుగలేదు. కావున వైజ్‌మన్ పక్షమే గెలిచినదని యెందఱో తలచిరి. అపుడు ఆక్స్‌ఫర్డులో జాన్ గర్డన్ అను యువకుడు ఆఫ్రికా కప్పలతో నీ పనికి పూనుకొని, 1962లో తోకకప్ప ప్రేగులోని కణమునుండి సయితము కప్పలు పుట్టునని ప్రకటించెను. ప్రేగుకణము తన పూర్వస్మృతిని పోగొట్టుకొనలేదు, మూతవేసి దాచుకొన్నది. అండములోని ద్రవ్యము ఆ మూతను తెఱువ గలదు. ఈ సత్యమునకు గర్డన్‌నకు నోబెల్ బహుమానము వచ్చినది 2012లో. అనగా ఏబదియేండ్ల పిమ్మట! 1963లో చైనా శాస్త్రజ్ఞుడు టోంగ్ డిజౌ చేపలయందు ఇట్టి ప్రయోగమునే చేసి చూపెను. ఆసియాఖండవాసులు ఈ విద్యలో మొదటినుండి చేయివేసినవారే యని దీనివలన తేలుచున్నది.

కప్ప అండము కంటికి కనబడును. క్షీరదముల అండము సూదిమొనకంటె చిన్నది. 1984లో కొందఱు శాస్త్రజ్ఞులు ఎలుకలతో ప్రయత్నించి విఫలులై, క్షీరదములకు ఇట్టి ప్రతిరూపము అసాధ్యమని వ్రాసిరి. ఆ మాట వ్రాసిన కాలముననే స్టీన్ విలాడ్‌సన్ అనునాతడు ఇంగ్లండులో లేత పిండకణములనుండి గొఱ్ఱెపిల్లలను పుట్టించుచుండెను. పిదప స్కాట్లండులోని రోస్లిన్ సంస్థలో ఇయాన్ విల్మట్, కీత్ క్యాంబెల్ అను నిరువురు ఒక కిటుకును గనిపెట్టిరి. కణమునకు ఆహారము తగ్గించి దానిని నిద్రావస్థకు దెచ్చినచో, అండము దానిని తనదిగా చేసికొనుట సులభమగును. ఆఱేండ్ల ఫిన్‌డార్సెట్ గొఱ్ఱె పొదుగునుండి తీసిన కణములను, నల్లమొగపు స్కాట్లండు గొఱ్ఱెల అండములతో కూర్చిరి. కూర్చినవి 277. వానిలో పిండములుగా నెదిగినవి 29. ఆ పిండములను 13 గొఱ్ఱెల గర్భములలో నుంచిరి. పుట్టినది ఒక్క పిల్ల. 1996 జూలై 5వ తేదీన నల్లమొగపు గొఱ్ఱె ఈనిన ఆ తెల్లమొగపు పిల్లయే డాలీ. 1997 ఫిబ్రవరిలో వార్త వెలువడగా లోకము నివ్వెఱపోయినది.

డాలీని గూర్చి వెలువడిన పుకార్లకు లెక్కలేదు. అది పుట్టుటతోనే ముసలిదని కొందఱనిరి. దాని కీళ్లవాపు క్లోనింగు పాపఫలమని కొందఱనిరి. 2003 ఫిబ్రవరి 14న దానిని బాధలేకుండ మరణింపజేసినది ఊపిరితిత్తుల వ్యాధివలన. ఆ వ్యాధి గొఱ్ఱెల కొకనుండి యొకదానికి సోకు వైరసుచే వచ్చునది. బ్రదికిన కాలములో డాలీ సహజముగా ఆఱు పిల్లల నీనినది. ఆ కణముల వంశమునుండియే పుట్టిన మఱి నాలుగు గొఱ్ఱెలు నాటింగ్‌హాం విశ్వవిద్యాలయమున ఆరోగ్యముతో వార్ధక్యమునకు వచ్చినవని 2016లో ప్రకటించిరి. డాలీ ఎముకలను మరల పరీక్షించినవారు 2017లో, దాని కీళ్లు ఆ యీడు గొఱ్ఱెలకు మించి చెడలేదనిరి. బ్రదికిన ప్రతిరూపము బ్రదుకునకు యోగ్యమైనదే. బ్రదుకుటయే దుర్లభము. నిజమైన కష్టమును విడిచి లేని దోషమును వెదకుట వలన చర్చ చెడినది.

ఆ దుర్లభత్వమునకు కారణ మేమి? కణములోని జన్యుపదార్థముపై ఏ ఆదేశము తెఱచియుండవలెనో ఏది మూసియుండవలెనో తెలుపు రసాయన ముద్రలు గలవు. ప్రకృతిలో అండమును బీజమును కలిసినపుడు ఈ ముద్రలు క్రమముగా మాఱును. క్లోనింగులో కొలది గంటలలో ఈ పనియంతయు జరుగవలయును. కొన్ని ముద్రలు చెరగవు. అందుచేత మాయ సరిగా నేర్పడదు, చూలు నిలువదు, నిలిచినను దూడ అతిగా నెదిగి తల్లికి ప్రసవము ప్రాణాంతకమగును, పుట్టిన దూడ ఊపిరి తీయలేక చచ్చును. 2001లో అమెరికాలో మామూలు ఆవు కడుపున పుట్టిన అడవిదున్న దూడ రెండు దినములకే మరణించినది. 2005లో దక్షిణ కొరియావారు తొలి కుక్క ప్రతిరూపమును పుట్టించుటకు 1,095 పిండములను 123 కుక్కల గర్భములలో నుంచవలసి వచ్చినది. మిగిలినది ఒక్క కుక్కపిల్ల.

ప్రతిరూపమనగా అచ్చుగ్రుద్దినట్లుండునని తలచువారికి 2001 డిసెంబరులో టెక్సాసునందు పుట్టిన పిల్లికూన బుద్ధి చెప్పినది. మూలపు పిల్లి మూడురంగులది. ప్రతిరూపమునకు ఆ మూడురంగుల కూర్పు రాలేదు. ఏ కణములో నే రంగు ఆదేశము పనిచేయవలెనన్నది గర్భములో ఎదుగునపుడు యదృచ్ఛగా తేలును. మఱియు కేంద్రకము వెలుపల నుండు కొలదిపాటి వారసత్వము అండ మిచ్చిన తల్లిదే. గర్భము, మేత, వాతావరణము, సాకినవాని చేయి, ఇవన్నియు పశువును తీర్చును. కాబట్టి పాలధార గల ఆవునకు ప్రతిరూపము చేసినంతనే ఆ పాలధార తానై రాదు. అదే పొలము, అదే పచ్చిమేత, అదే యజమాని శ్రద్ధ ప్రతిరూపమునకును లభింపవలయును.

ఇక మన దేశము సంగతి. 2009 ఫిబ్రవరి 6వ తేదీన కర్నాలులో లోకములో కెల్ల క్రొత్తదైన చేతివాటపు విధానముతో ఒక గేదెదూడ పుట్టినది. పేరు సమరూప. విలువైన సూక్ష్మయంత్రములకు బదులు, కబేళానుండి తెచ్చిన అండాశయములనుండి తీసిన అండములను సూక్ష్మదర్శిని క్రింద చేతితోనే సన్నని కత్తితో కోసి కేంద్రకమును తొలగించుట ఈ విధానములోని ముఖ్యాంశము. సమరూప వారము దినములైనను బ్రదుకలేదు. నిరాశ చెందక మన వారు అదే సంవత్సరము జూన్ 6న గరిమను పుట్టించిరి. అది రెండేండ్లు దాటి బ్రదికెను. 2010 ఆగస్టున పుట్టిన రెండవ గరిమ ఎదిగి చూడిదై 2013 జనవరిలో మహిమ యను పడ్డను సహజముగా నీనినది. 2012 మార్చి 9న కాశ్మీరు వ్యవసాయ విశ్వవిద్యాలయములో పష్మీనా మేకకు నూరీ యను ప్రతిరూపము పుట్టినది. 2015 డిసెంబరులో హిస్సారులోని కేంద్ర గేదెల పరిశోధన సంస్థలో ముర్రా దున్నపోతునకు హిస్సార్ గౌరవ్ జన్మించెను. తక్కువ వ్యయముతో, చేతినేర్పుతో, ఓటమికి వెఱవక సాగిన ఈ పని నిక్కమైన స్వదేశీ విజ్ఞానము. తెలుగునాట నేడు పాలు పిదుకుచున్న గేదెలలో ముర్రా రక్తము మెండుగా నున్నది. కావున మేలుజాతి దున్నపోతునకు ప్రతిరూపము లభించుట మన పాడిరైతునకు దూరపు వార్త కాదు.

ఇట్టి విజయములు కన్నులయెదుట నుండగా కొందఱు పెద్దలు గాంధారి కుండలలో గౌరవమును వెదకుచున్నారు. 2019 జనవరిలో జలంధరున జరిగిన భారత విజ్ఞాన మహాసభలో మన తెలుగునాటి విశ్వవిద్యాలయాధిపతి యొకరు, నూర్వురు కౌరవులు పరీక్షనాళికా విద్యచేతను మూలకణ విద్యచేతను పుట్టిరని ప్రసంగించిరి. మహాసభ నిర్వాహకులే పిమ్మట ఆ మాటలతో తమకు సంబంధము లేదనవలసి వచ్చినది. పురాణము పూజ్యమైనది. దానికి ప్రయోగశాల సాక్ష్యమక్కఱలేదు. ప్రయోగశాలకు దాని సాక్ష్యమును అక్కఱలేదు. ఒక్క దూడను నిలుపుటకు రాత్రింబవళ్లు కొట్టములో కాచుకొన్న కర్నాలు పరిశోధకుని శ్రమను, ఇదంతయు మాకెపుడో తెలిసినదేయను ఒక్క మాట తృణీకరించుచున్నది. దేశాభిమానమునకు పునాది సత్యము. ఆ పునాది లేని యభిమానము పరుల నవ్వులపాలగుట తప్పదు.

ఇప్పుడు మా ముఖ్యాభిప్రాయమునకు వత్తుము. క్లోనింగు ఉన్నదానిని మరల నిచ్చును, లేనిదానిని పుట్టింపదు. సహజమైన కలయికలో తల్లి గుణములు కొన్ని, తండ్రి గుణములు కొన్ని చేరి ప్రతి దూడయు కొంత క్రొత్తదగును. ఆ క్రొత్తదనమునుండియే మేలైన పశువును రైతు ఏఱుకొనుచు వచ్చెను. ఒంగోలు జాతి యట్లు ఏర్పడినదే, ముర్రాయు నట్లే. వేయి గేదెలలో మిన్నయైన గేదె యొకటి దొరకినచో దానికి పది ప్రతిరూపములు చేయవచ్చును. కాని ఆ వేయి గేదెలు లేనిచో మిన్నయైనది యెక్కడనుండి వచ్చును? ప్రతిరూపము కుదురు మందమీద బ్రదుకునది.

మఱియు అందఱును ఒక్కటే రూపమైనచో కీడును అందఱి కొక్కటే. అరటితోట దీనికి సాక్షి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికా, ఐరోపా బజారుల నేలిన గ్రోమిషెల్ అను అరటిజాతి యంతయు పిలకలద్వారా పుట్టిన యొక్క తల్లి ప్రతిరూపమే. పనామా తెగులు అను శిలీంధ్రము నేలలో వ్యాపింపగా ఒక మొక్కకు లేని శక్తి ఏ మొక్కకును లేకపోయెను. 1960 ప్రాంతమునకు ఆ జాతి ఎగుమతి వర్తకమునుండి తొలగిపోయినది. ఒక జిల్లాలోని గేదెలన్నియు నాలుగైదు దున్నపోతుల ప్రతిరూపముల సంతానమైనచో, ఒక్క గాలికుంటు విషమించినప్పుడు రైతు గతి యేమి?

ఒంగోలు గిత్త కథ మనకు మఱియొక పాఠము. ఈ జాతి పశువులు పందొమ్మిదవ శతాబ్దినుండి బ్రెజిల్ దేశమునకు ఓడలలో తరలినవి. 1960 తర్వాతి తొలి యేండ్లలో పోయిన గిత్తలలో మన కరవది గ్రామపు పేరు ధరించిన గిత్త అచ్చట వంశకర్తయై ప్రసిద్ధికెక్కినది. అక్కడివారు దానిని నెల్లూరు జాతియందురు. నేడు బ్రెజిల్ మాంసపు పశువులలో అధికభాగమునందు ఆ రక్తమే ప్రవహించుచున్నది. 2023లో ఆ జాతి ఆవు వియాటినా-19 అనునది నలుబదిలక్షల డాలర్లకు మించిన విలువ కట్టబడి, లోకములోని ఆవులలో కెల్ల వెలగలదిగా నెన్నికయైనది. దాని బరువు 1,101 కిలోలు. అచ్చట నెల్లూరు జాతి మేటి పశువులకు ప్రతిరూపములు చేయుట వర్తకముగా సాగుచున్నది. మన పల్లెసీమనుండి పోయిన విత్తనము పరదేశమున కోట్లు పండించుచుండగా, దానిని తీర్చిదిద్దిన రైతు వంశమునకు దక్కిన దేమి? అక్కడివారిని నిందించుట మా యుద్దేశము కాదు. వారు మందను పెంచిరి, లెక్కలు వ్రాసిరి, వంశావళులు కాపాడిరి. ప్రతిరూపవిద్య వారికి పండిన పొలముమీద కట్టిన గాదె వంటిది. పొలమును బీడుపెట్టి గాదెను కట్టినచో అందు నింపునది గాలియే.

హైదరాబాదు నగరమున జరిగిన యొక ప్రయత్నము ఈ సంగతినే చాటుచున్నది. మన దేశమునుండి చీతా అంతరించినట్లు 1952లో ప్రకటింపబడినది. ఈ శతాబ్దారంభమున హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు క్లోనింగుచే చీతాను మరల పుట్టింప దలచిరి. విద్య గలదు, విద్వాంసులు గలరు, లేనిది ఆసియా చీతాయొక్క సజీవ కణము. ఇరానును అడుగగా వారు సమ్మతింపలేదు. తుదకు 2022 సెప్టెంబరు 17న ఆఫ్రికాలోని నమీబియానుండి ఎనిమిది చీతాలను దెచ్చి కూనో అడవిలో విడిచిరి. అమెరికావారి కథ ఇందుకు విపర్యము. నల్లపాదముల ముంగిసవంటి యొక చిన్న జంతువు అచ్చట ఏడు జీవుల సంతతిగా మాత్రమే మిగిలినది. కాని 1988లో చనిపోయిన యొక జంతువు కణములను వారు గడ్డకట్టించి దాచియుంచిరి. 2020 డిసెంబరు 10న ఆ కణమునుండి ప్రతిరూపము పుట్టినది. అదే మూలమునుండి పుట్టిన మఱియొక ప్రతిరూపము 2024లో పిల్లల నీనినది. ఏడు వంశములకు పోయిన యెనిమిదవ వంశము తిరిగి వచ్చినది! ఇచ్చట క్లోనింగు వైవిధ్యమును తగ్గింపలేదు, పెంచినది. కారణము, ముప్పదియేండ్లకు ముందెవరో ముందుచూపుతో కణమును దాచుట. స్పెయిన్‌వారు 2003లో అంతరించిన కొండమేక కణమునుండి పుట్టించిన పిల్ల నిమిషములలో మరణించినది. వెనుకనుండి బలమీయుటకు ఆ జాతి మంద యొక్కటియు మిగిలియుండలేదు. కణమును కావలెను, మందయు కావలెను.

2019లో జరిగిన పశుగణనలో దేశమున ఆవులు, ఎద్దులు కలిసి సుమారు 19 కోట్ల 25 లక్షలనియు, గేదెలు సుమారు 10 కోట్ల 98 లక్షలనియు తేలినది. దేశవాళీ ఆవులు మాత్రము అంతకు ముందటి లెక్కకంటె నూటికి ఆఱువంతులు తగ్గినవి. ఇట్టి తఱి ప్రభుత్వమువారు చేయవలసిన పనులను నాలుగింటిని సూచించుచున్నాము.

మొదటిది: కర్నాలులోని జాతీయ పశుజన్యువనరుల సంస్థవారు సాగించుచున్న భాండాగార కార్యమును పల్లెలదాక విస్తరింపవలయును. ఒంగోలు, పుంగనూరు, నల్లమల యంచున మేయు పొడతూర్పు, ఇట్టి ప్రతి జాతినుండియు ఒకటి రెండు మేటి పశువులవి గాక, వందల మందలనుండి కణములు సేకరించి ద్రవనత్రజనిలో దాచవలెను. సూక్ష్మమైన చెవితునక చాలును. పశువునకు హాని లేదు. కణముతోపాటు దానిని పెంచిన రైతు పేరును వ్రాయవలెను. 2002లో చేసిన జీవవైవిధ్య చట్టము జన్యుసంపదవలన కలుగు లాభములో దానిని కాపాడినవారికి పాలుండవలెనని చెప్పుచున్నది. ఆ మాట కాగితమున నిలిచిపోరాదు.

రెండవది: ప్రజాధనముతో పుట్టిన ప్రతిరూప వృషభముల వీర్యము, దాని సంతానపు పాడి లెక్కలు పరీక్షింపబడిన పిమ్మట, రెండు గేదెలు గల పేదరైతునకు మామూలు వెలకే యందవలయును. ఈ విద్య వర్తకుల చేతిలోనికి పోయి గొప్ప దొడ్లకు మాత్రమే దక్కినచో, చిన్న రైతు తన కొట్టములోనే పరాయివాడగును.

మూడవది: పుట్టిన దూడకు పూలదండ వేసి పత్రికలలో బొమ్మ వేయించుట యొక్కటియే చాలదు. ఎన్ని అండములు వాడిరి, ఎన్ని చూళ్లు నిలిచినవి, ఎన్ని దూడలు పోయినవి, ఎంత వ్యయమైనది, ఈ లెక్కలను ఏటేట ప్రజల కెఱిగింపవలయును. రోస్లిన్‌వారు 277 అను సంఖ్యను దాచలేదు. ఓటమిని చెప్పుకొన్నందువలన వారి కీర్తి తఱుగలేదు, విశ్వాసము పెరిగినది.

నాలుగవది: మంద నిలువవలెనన్నచో మేతభూమి నిలువవలెను. గ్రామపు పోరంబోకులు ఇండ్లస్థలములుగను కర్మాగారములుగను మాఱుచుండగా దేశవాళీ జాతిని కాపాడుడని రైతునకు బోధించుట హాస్యాస్పదము. జాతి పశువును నిలుపువానికి మేతకు, వైద్యమునకు ప్రత్యక్ష సహాయము చేయవలెను. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఎద్దునకు పని లేదు. పని లేని పశువును రైతు ప్రేమతో మాత్రమే ఎంతకాలము మేపగలడు?

ఈ విద్యయే వలదనువారు గలరు. దైవకార్యములో మానవుడు చేయిపెట్టరాదని కొందఱు, పశువులకు హింసయని కొందఱు వాదింతురు. మొదటివారికి మా ప్రత్యుత్తరము: అంటు కట్టిన చేయి, ఆబోతును ఏఱిన చేయి మానవునిదే. రెండవవారి మాటలో సత్యము గలదు. నిలువని చూళ్లు, ఊపిరాడని దూడలు, కోతతో ఈనవలసిన ఆవులు, ఇవి కల్పితములు కావు. 2015లో ఐరోపా పార్లమెంటు సభ్యులు వ్యవసాయ పశువుల క్లోనింగును నిషేధింపవలెనని ఓటు వేయుటకు ఇదియొక కారణము. ప్రతిరూప పశువుల పాలు, మాంసము తినదగినవేయని అమెరికా ఆహారాధికారులు 2008లోనే తేల్చిరి. కావున భయపడవలసినది పాలచెంబును గూర్చి కాదు. తల్లిపశువు బాధను గూర్చి. అందుచేతనే ఈ ప్రయోగములు కొలదిగా, అవసరమున్నచోటనే, పశువైద్యుల కాపుదలలో జరుగవలయును. ముద్దుకుక్క చచ్చెనని దాని రూపమునకై నూఱు కుక్కల కడుపులు కోయించు ధనికుల వేడుక మన దేశమునకు వలదు. మానవునకు ప్రతిరూపము చేయుటను మన వైద్యపరిశోధన మండలి నియమములు నిషేధించుచున్నవి. ఆ హద్దు చెరుగరాదు.

పరుల విజ్ఞానమును చూచి బెదరుటయు, లేని గతమును చూపి మురియుటయు రెండును దాస్యలక్షణములే. స్వతంత్ర జాతి విద్యను నేర్చును, దాని మేరను ఎఱుగును, దానిని తన ప్రజలకై వినియోగించును. కర్నాలు, హిస్సారు శాస్త్రజ్ఞులు మొదటి పని చేసి చూపిరి. తక్కిన రెండును ప్రభుత్వముయొక్కయు, ప్రజలయొక్కయు వంతు. మన శాసనసభ్యులు బడ్జెట్టు చర్చలో పశుసంవర్ధక శాఖ పద్దు వచ్చునపుడు పై నాలుగు సంగతులను అడుగుదురు గాక! పఠనమందిరములలో ఈ పత్రిక చదువు సోదరులు తమ ప్రతినిధులచే అడిగింతురు గాక! గంగ ఎదిగి, చూడిదై, ఈనునాటికి గిర్ మందలు, ఒంగోలు మందలు, పుంగనూరు మందలు పల్లె బీళ్లలో మేయుచుండవలెను. అప్పుడే ఆ పెయ్య పుట్టుకకు సార్థకత.